అడవి పక్కన తోట ఇల్లు, ఎండాకాలం మంటలకి ముందే ఏం చేసుకోవాలి?

ఆనేకల్_తోట:

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి. మేముండేది బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో. నాలుగేళ్ల కింద ఆనేకల్ తాలూకాలో బన్నేరుఘట్ట అడవి హద్దుకి ఓ యాభై అడుగుల దూరంలో 30 గుంటల తోట కొన్నాం. అప్పటికే అందులో పాత పెంకుటిల్లు ఉంది, దాన్నే బాగుచేయించి పక్కన ఒక ఆర్సీసీ గది ఉంటే దానికి కూడా రంగులేయించాం. నాన్న రిటైరయ్యాక అనంతపురం నుంచి వచ్చేశారు, అమ్మా ఆయనా అక్కడే ఉంటున్నారు. ఒక ఆవు, పదిహేను కోళ్లు, మామిడి, సపోటా, అంతే మా సామ్రాజ్యం.

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం మీటింగ్‌లో ఉంటే నాన్న ఫోను, "గుట్ట మింద పొగ లేస్తాంది రా, మీ అమ్మ భయపడతాంది" అని. జిగణి దగ్గర ట్రాఫిక్ దాటుకుని నేను పోయేసరికి గంటన్నర పట్టింది, ఆ గంటన్నర ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పోయి చూస్తే ఊళ్లోవాళ్లు పది మంది, ఫారెస్ట్ వాచర్లు నలుగురు పచ్చి కొమ్మలు విరిచి కొడుతున్నారు, మంట మా వెనక కంచె దాకా వచ్చి ఆగింది. మాకు పోయింది పెద్దగా ఏం లేదు, కంచె కర్రలు కొన్ని, రెండు మామిడి మొక్కలు, ఆ వైపు డ్రిప్ లైన్ మొత్తం. ఆ పైపు కరిగి నల్ల మైనంలాగా నేలకి అతుక్కుపోయింది, ఇప్పటికీ అక్కడక్కడా కాలికి తగులుతుంది. ఫైర్ ఇంజన్ కూడా వచ్చింది కానీ మా సందు మలుపులో తిరగలేక బయటే ఆగిపోయింది.

ఇప్పుడు మళ్లీ జనవరి, ఆకు రాలడం మొదలైంది. ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో మాట. కాంట్రాక్టరేమో అడవి వైపు మొత్తం తొమ్మిదడుగుల గోడ కట్టేద్దాం, ఏడు లక్షలవుతుంది అంటాడు. మా ఆవిడ ఇంటి చుట్టూ చెట్లన్నీ కొట్టించేయమంటోంది. నాన్న మాత్రం "ఇప్పుడే మనమే గడ్డి కాల్చేస్తే మార్చిలో కాలడానికి ఏముంటాది" అంటున్నారు, మా ఊళ్లో అట్లాగే చేసేవాళ్లట. నా దగ్గర ఉన్నది రెండు లక్షలు. ఏది చేస్తే నిజంగా ఉపయోగం? అడవి పక్కన ఉన్నవాళ్లెవరైనా చెప్పండి ప్లీజ్.


డెంకణికోట_రైతు:

అన్నా మాది హోసూరు అవతల, డెంకణికోట తట్టు. మా తాత కాలం నుంచి అడివి పక్కనే సేద్యం. ముందు ఒక్క మాట చెప్తా, మీ నాయన చెప్పిన పని మాత్రం చెయ్యొద్దండి. పెద్దాయన అనుభవం తప్పని కాదు, అనంతపురం తట్టు చేను మధ్యలో కొయ్యకాళ్లు కాలిస్తే చుట్టూ దుక్కి ఉంటాది, మంట యాడికి పోతాది? ఇక్కడ మీ వెనకాల ఉండేది రిజర్వ్ ఫారెస్టు. మా చిన్నాయన ఒకతూరి పొద్దున్నే గాలి లేదు కదా అని గట్టు మీద గడ్డికి అగ్గిపెట్టినాడు, పదకొండు గంటలకి గాలి లేసింది, అంతే, ఒక కానుగ తోపు మొత్తం పోయింది, మధ్యాన్నం దాకా ఊరంతా కొమ్మలు పట్టుకుని ఉరికినాం. మనం పెట్టిన మంట అడివిలోకి పోతే కేసు మన మీదనే, కర్ణాటకలో 1963 ఫారెస్ట్ యాక్ట్ ఉండాది, అగ్గి పెట్టిందెవరని అడిగితే ఊరంతా మిమ్మల్నే చూపిస్తాది.

దానికి బదులు ట్రాక్టర్ పిలిపించి కంచె లోపల మీ జాగాలోనే పదహైదు అడుగుల వెడల్పు దున్నించేయండి. ఎర్రమట్టి బయటపడాల, ఒక్క గడ్డిపోచ ఉండకూడదు. ఇప్పుడొకసారి, శివరాత్రి ముందు ఇంకొకసారి, ఎందుకంటే నడుమ ఒక్క వాన పడినా మళ్లా మొలుస్తాది. ఖర్చు మీ గోడతో చూస్తే టీ ఖర్చు. ఫారెస్ట్ వాళ్లు అడివిలో ఫైర్ లైన్ కొట్టేది కూడా ఇదే లెక్క. హద్దు దాటి అవతల మాత్రం కొడవలి పెట్టొద్దండి, ఎండుగడ్డి అయినా లాంటానా కంప అయినా సరే, అది వాళ్ల జాగా, రేంజ్ ఆఫీసులో చెప్తే ఫైర్ లైన్ మీ తట్టు కూడా తీస్తారేమో అడగొచ్చు.

ఇంకోటి. మంట దానంతటదే పుట్టదు అన్నా. గొర్రెలోళ్లు కొత్త గడ్డి చిగురు రావాలని పెడతారు, తేనె తీసేవాళ్లు పొగ పెట్టి మరిచిపోతారు, బీడీ పారేసిపోతారు. మీ గుట్ట మీద మేపేది ఎవరో కనుక్కోండి. మా తట్టు ఒకాయనకి మేమే ప్రతి వేసవిలో మూడు నెలలు మా చేలో మేపుకోమని ఇచ్చినాం, అప్పటినుంచి ఆ గుట్టకి అగ్గి లేదు. ఇప్పుడు పొగ కనబడితే మొదటి ఫోను ఆయనదే వస్తాది.


సిలికాన్_సీమ:

నాకు ఇదంతా కొంచెం ఓవర్ అనిపిస్తోంది, ఏమనుకోకండి. వాట్సాప్‌లో కాలిఫోర్నియా వీడియోలు చూసి భయపడుతున్నాం గానీ మన దగ్గర మంట చెట్ల పైనుంచి రాదు. బన్నేరుఘట్టది ఎండుటాకుల అడవి, నేల మీద గడ్డీ ఆకులూ కాలుకుంటూ పోతుంది, చాలా చోట్ల మోకాలెత్తు, మహా అయితే నడుమెత్తు. అమెరికాలో చెక్క ఇళ్లు కాబట్టి వీధులకి వీధులు పోయాయి, 2018లో పారడైజ్ అనే ఊరే పోయింది, 85 మంది చనిపోయారు. మన ఇల్లు ఇటుక, సిమెంటు. ఇల్లు కాలదు. ఆవుని విప్పి, సిలిండర్ కట్టేసి, పక్కకి నిలబడితే మంట దారిన అది పోతుంది. రెండు లక్షలు పెట్టి బోర్‌వెల్ బాగుచేయించుకోండి, అదే పనికొస్తుంది.


సర్జాపుర_అక్క:

సిలికాన్_సీమ గారూ, మీరు సగం కరెక్టు. మంట ఎత్తు గురించి మీరన్నది నిజమే, ఇక్కడ చెట్ల తలలు అంటుకునే మంట అరుదు. కానీ "ఇటుక ఇల్లు కాలదు" అన్నదే ప్రమాదం. నేను కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన పదకొండేళ్లు ఉండి వచ్చాను, అక్కడ ప్రతి వేసవికీ ఇంటింటికీ ఈ పాఠమే చెప్పేవారు, ఇల్లు అంటుకునేది మంట గోడలాగా వచ్చి మీద పడి కాదు, గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల, ఆ రవ్వ పడ్డ చోట కాలే వస్తువు ఏదుంటే దానివల్ల. అక్కడి ఫారెస్ట్ సర్వీస్‌లో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త జీవితమంతా దీని మీదే పెట్టాడు. కెనడాలో నిజంగా అడవికి నిప్పు పెట్టి, దూరం పెంచుతూ చెక్క గోడలు నిలబెట్టి చూశారు, 30 మీటర్ల దూరంలో ఉన్న గోడలు ఆ వేడికి అంటుకోలేదు. చెక్క గోడే! అంటే అడవి ఎంత దగ్గర అనేదానికన్నా ఇంటిని ఆనుకుని ఏముంది అనేది పెద్ద ప్రశ్న.

పెంకుటిల్లు అన్నారు కదా, నాకు అదే భయం. మంగళూరు పెంకుల సందుల్లో, చూరు కింద, పిచ్చుక గూళ్లూ ఎండుటాకులూ నిండి ఉంటాయి, వాటి కింద ఎండిపోయిన చెక్క వాసాలు. ఒక్క రవ్వ దూరితే మంట పోయిందనుకుని మీరు లోపలికొచ్చి టీ తాగుతుంటే రెండు గంటల తర్వాత పైన పొగ వస్తుంది. అమెరికాలో చాలా ఇళ్లు ఇట్లాగే మంట వెళ్లిపోయాక కాలాయి, చూసేవాళ్లు లేక. ఆర్సీసీ గది గురించి నాకు దిగులు లేదు, దానికి కూడా కిటికీ పక్కన కర్టెన్లు, దోమ తెరలు అంటుకోకుండా చూడండి చాలు.

నా మాట వింటే ముందు టేపు పట్టుకుని గోడ నుంచి అయిదడుగులు కొలవండి. ఆ అయిదడుగుల్లో కాలేది ఏదీ ఉండకూడదు, ఏదీ అంటే ఏదీ. మనవాళ్ల ఇంటి వెనక గోడ దగ్గర ఏముంటుందో నాకు తెలుసు, పొయ్యి కట్టెలు, పిడకలు, కొబ్బరి మట్టలు, పాత గోనె సంచులు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఈతాకు చీపురు, పైన గ్రీన్ షేడ్ నెట్. ఆ నెట్ ప్లాస్టిక్ అండీ, అంటుకుంటే మండుతూ బొట్లు బొట్లుగా కింద పడుతుంది. అక్కడ కంకరో చప్టా బండలో పరిచేయండి. ఆ తర్వాత ముప్పై అడుగుల దాకా గడ్డి చీలమండ దాటనివ్వద్దు, చెట్లు ఉండొచ్చు కానీ కింది కొమ్మలు మనిషి ఎత్తు దాకా తీసేయండి, నేల మంట కొమ్మ పట్టుకుని పైకెక్కకుండా. మీ ఆవిడకి చెప్పండి, మామిడి, సపోటా కొట్టనక్కర్లేదు, పచ్చగా నీళ్లు పెట్టే చెట్టు రవ్వల్ని కొంత ఆపుతుంది కూడా. చెట్టు కొట్టాలన్నా కర్ణాటకలో 1976 చెట్ల సంరక్షణ చట్టం ఉంది, కొన్నిటికి పర్మిషన్ కావాలి.

ఎండుగడ్డీ గాలీ కలిస్తే ఏమవుతుందో బెంగళూరు వాళ్లకి నేను చెప్పాలా, 2019 ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన పార్కింగ్‌లో దాదాపు 300 కార్లు కాలిపోయాయి, అక్కడ అడవి లేదు, మైదానంలో ఎండుగడ్డి అంతే. సరిగ్గా ఆ వారమే బందీపుర్ అడవిలో వేల ఎకరాలు కాలాయి. మీ తోటలో కారు గడ్డి మీద ఆపకండి, వేడి సైలెన్సర్ చాలు.


సిలికాన్_సీమ:

సరే అక్కా, పెంకుల మాట ఒప్పుకున్నా, పోస్టులో అది నేను గమనించలేదు. ఆర్సీసీ గది అని చదివి ఇల్లంతా అదే అనుకున్నా. కానీ బోర్ మాట మాత్రం వదలను.


కగ్గలిపుర_వాలంటీర్:

బోర్ మాట నేను చెప్తా. మూడు వేసవుల నుంచి ఫారెస్ట్ వాచర్లతో కలిసి మంటలార్పడానికి వెళ్తున్నాను, నేను పోయిన ప్రతిచోటా మొదట పోయేది కరెంటు. లైన్ కింద మంట ఉంటే సప్లై ఆపేస్తారు, ఆపాలి కూడా, లేకపోతే మనం షాక్ కొట్టి పోతాం. అప్పుడు మీ సబ్‌మెర్సిబుల్ ఏం చేస్తుంది? కాబట్టి బోర్ కాదు, నేల మీద ఒక సంపు లేదా సిమెంటు తొట్టి, ఎప్పుడూ నిండా, దాని పక్కన పెట్రోల్‌తో నడిచే చిన్న నీళ్ల పంపు, ఒక వంద అడుగుల హోసు. వాడేవాళ్లకి స్టార్ట్ చేయడం వచ్చుండాలి, నెలకోసారి తీసి స్టార్ట్ చేయండి, పంపు ఉండి కార్బురేటర్ పట్టేసిన ఇళ్లు రెండు చూశాను. పైకి తేలిన పీవీసీ పైపులు మట్టిలో పూడ్చేయండి, లేకపోతే మీ డ్రిప్ గతే.

ఫైర్ ఇంజన్ సంగతి. మలుపులో కొమ్మ ఏదైనా అడ్డం ఉందా, మీ పక్కవాళ్ల రాతి స్తంభం అడ్డమా, వెళ్లి చూసి వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి, మంట వచ్చినప్పుడు మాట్లాడేది ఉండదు. అది గేటు దాకా రాకపోయినా సంపు మూత బయటికి కనబడేట్టు ఉంటే ఊళ్లోవాళ్లు బకెట్లతో అయినా తీసుకుంటారు.

మీ ఇల్లు గుట్ట కింద ఉందా పైన ఉందా రాయలేదు. కిందైతే కొంచెం మేలు, మంట పైకెక్కేటప్పుడు పరిగెడుతుంది, వాలు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ వేగం దాదాపు రెట్టింపవుతుంది అని లెక్క, కిందికి దిగేటప్పుడు నిదానం. కానీ ఒక తిరకాసు ఉంది, పైనుంచి కాలుతున్న మొద్దులు, కాలిన వెదురు బొంగులు దొర్లుకుంటూ వచ్చి మన దుక్కి కూడా దాటేస్తాయి. నేను కళ్లారా చూశాను, బిందె అంత మొద్దు ఎర్రగా దొర్లుతూ వచ్చి ఒక గడ్డివాము అంచుకి ఆగింది, మేం నలుగురం దాన్ని చూస్తూ అరక్షణం నోరు తెరుచుకుని నిలబడ్డాం. కాబట్టి దుక్కికి ఇంటివైపు చిన్న కాలవ తీసి ఆ మట్టి కట్టలాగా వేయండి, మొద్దు అందులో ఆగుతుంది. గోడ మీద పెట్టే ఏడు లక్షల్లో దమ్మిడీ చాలు దానికి.

నంబర్లు రాసిపెట్టుకోండి, ఫారెస్ట్ హెల్ప్‌లైన్ 1926, ఎమర్జెన్సీ 112. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సైటులో మీ ఫోన్ నంబరు రిజిస్టర్ చేసుకుంటే శాటిలైట్ పట్టిన మంట వివరం మెసేజ్ వస్తుంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, శాటిలైట్ రోజుకి కొన్నిసార్లే పైనుంచి పోతుంది, మీ నాన్నగారి కళ్లే ముందు చూస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం, మీ అమ్మానాన్నలు మంటతో పోట్లాడకూడదు. వాళ్ల వయసులో పొగే చాలు. గుట్టమీద పొగ కనబడిందంటే ఆవుని విప్పి, కోళ్ల గూడు తలుపు తెరిచి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు మూసి రోడ్డుకి వచ్చేయాలి. నూలు బట్టలు, చెప్పులు కాదు బూట్లు. నైలాన్ చీర, టెర్లిన్ చొక్కా వద్దు, ఒంటికి అతుక్కుపోతాయి. ఎంత అలవాటున్నవాళ్లకైనా గాలి తిరిగితే టైం ఉండదు, 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లాలో కురంగణి కొండ మీద ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు 23 మంది చనిపోయారు, గడ్డి వాలు, కింద నుంచి మంట, అంతే. ఎవరో ఒకరు వచ్చి, వచ్చే మంటని ఆపడానికి దానికి ఎదురుగా మనమే ఇంకో మంట పెడదాం అంటారు, ఆ పని ఫారెస్ట్ వాళ్లకే వదిలేయండి. ఇంకా, మంటప్పుడు పాములు, అడవిపందులు కూడా మనవైపే వస్తాయి, చీకట్లో కంచె దగ్గర నిలబడొద్దు. ఏనుగుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదనుకుంటా.


పూతలపట్టు_పిల్లోడు:

మా తిరుపతిలో 2014 మార్చిలో శేషాచలం కాలినప్పుడు ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోశాయి, అప్పుడు మేం చిన్నపిల్లలం, మిద్దెక్కి చూసేవాళ్లం, రాత్రి కొండంతా దీపాల వరస పెట్టినట్టు ఉండేది. అందంగా ఉందనుకున్నామండీ, సిగ్గేస్తుంది ఇప్పుడు. ఒక చిన్న డౌటు, నేను కూడా చందాపుర దగ్గర ప్లాటు కొన్నా, పక్క ప్లాటు ఓనర్ బెంగళూరులోనే ఉండడు, అందులో నీలగిరి చెట్లు, కింద అరచేయి మందం ఆకు, బెరడు తొక్కలు. ఏం చేయాలి?


డెంకణికోట_రైతు:

నీలగిరి ఆకులో నూనె ఉంటాది తమ్ముడూ, అంటుకుంటే టపటపా పేలతాది, బెరడు రిబ్బన్ల మాదిరి ఎగిరిపోయి అవతల పడతాది. ఓనర్‌కి ఫోన్ చేసి "మీ ఆకు నేను ఊడ్పించుకుంటా" అని చెప్పు, ఎవరూ కాదనరు. ఊడ్చి అక్కడే కాల్చొద్దు, గుంత తీసి పేడనీళ్లు చల్లి కప్పెట్టు.


ఆనేకల్_తోట:

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని రాస్తారనుకోలేదు. ఆదివారం టేపు పట్టుకుని పోయాను, అక్క చెప్పినట్టు అయిదడుగులు కొలిచి సుద్దముక్కతో గీత గీశాను. ఆ గీత లోపల ఏమేం ఉన్నాయో వింటే నవ్వుతారు, పొయ్యి కట్టెలు రెండు మోపులు, ఆవు కోసం తెచ్చిన రాగి గడ్డి కట్టలు చూరుని తాకేదాకా, కోళ్ల గూటి మీద పాత ఫ్లెక్సీ బ్యానర్, వాషింగ్ మెషిన్ వచ్చిన థర్మోకోల్ డబ్బా నాలుగేళ్లుగా "దేనికైనా పనికొస్తుందని". నిచ్చెన వేసి పెంకుల కిందికి టార్చ్ కొట్టి చూస్తే అక్క చెప్పిందే, చిటికెన వేలు పెడితే రెండు కణుపులు దిగేంత ఆకుల పొడి. పిల్లి ఒకటి అందులో పిల్లల్ని పెట్టింది, అవి పెద్దయ్యేదాకా ఆ మూల తీయలేదు.

నాన్న మొదట ఒప్పుకోలేదు, గడ్డి ఎండలో వానలో పెడితే ఆవు ఏం తింటుంది అని. చివరికి రోడ్డువైపు, ఇంటికి ఎనభై అడుగుల దూరంలో వాము వేద్దామని, దానిపైన తాటాకు బదులు రేకు కప్పుదామని ఒప్పందం అయింది. గడ్డి కాల్చే మాట మాత్రం రైతు అన్న పోస్టు చదివి వినిపించాక మళ్లీ ఎత్తలేదు, "వాళ్ల చిన్నాయనదీ మన బుద్ధే" అన్నారు. ట్రాక్టర్ బుధవారం వస్తోంది, కాలవ కూడా అదే రోజు. వెనక గుట్ట మీద మేపేది మా పాలవాడి బావమరిదేనట, ఇన్నాళ్లూ తెలీదు. గోడ కాంట్రాక్టర్‌కి వద్దని చెప్పేశా, ఫోన్లో కొంచెం ముఖం మాడ్చినట్టు వినబడింది. 1926, 112 వంటింటి తలుపు మీద నాన్న ఇంత పెద్ద అంకెల్లో రాశారు, అమ్మ దాని కింద గ్యాస్ వాడి నంబరు రాసుకుంది.

ఒకటే మిగిలింది, చూరు సందులకి మెష్ (జాలీ) కొట్టాలంటే ఏం అడగాలి, హార్డ్‌వేర్ షాపులుండే ఎస్‌జేపీ రోడ్డులో దొరుకుతుందా?


సర్జాపుర_అక్క:

దొరుకుతుంది. స్టీల్ మెష్ అని అడగండి, కన్ను మూడు మిల్లీమీటర్లు మించకూడదు. కిటికీలకి కొట్టే ప్లాస్టిక్ దోమల జాలీ అంటగడతారు, అది తీసుకోవద్దు, వేడికి మొదట కరిగేది అదే. పిల్లి పిల్లలు వెళ్లిపోయాకే కొట్టండి.